ముప్పై ఏళ్ళు ప్యానెల్ ముందు కూర్చున్నవాడు కారు కొంటే

ఈ బండి పేరు రాయను. పేరు రాస్తే మాట మైలేజీ మీదకి, రీసేల్ మీదకి పోతుంది. 2020 మోడల్, పెట్రోలు, మాన్యువల్ గేర్లు, చిన్న హ్యాచ్‌బ్యాక్. మా దగ్గర ఏఈగా (అసిస్టెంట్ ఇంజనీరుగా) చేసి బదిలీ అయిన ఒకాయన తమ్ముడి దగ్గర కొన్నాను. 38 వేల కిలోమీటర్లు తిరిగింది, 4 లక్షల 35 వేలు ఇచ్చాను. ఎనిమిది నెలలైంది. పికప్ గురించీ, సస్పెన్షన్ గురించీ చెప్పే అర్హత నాకు లేదు. దీనికి ముందు నేను నడిపింది టీవీఎస్ ఎక్సెల్, ఆ తర్వాత యాక్టివా. నాకు తెలిసిందల్లా ప్యానెల్. సత్తెనపల్లి చుట్టుపక్కల 33/11 కేవీ సబ్‌స్టేషన్లలో 31 ఏళ్ళు షిఫ్ట్ ఆపరేటర్‌గా చేశాను. గంటగంటకీ రీడింగులు రాయడం, ఏ లైటు వెలిగింది, ఏ లైటు ఆరింది, ఏ బెల్లు మోగింది చూడటం, ఇదే నా ఉద్యోగం. అందుకే ఈ రివ్యూ అంతా డ్యాష్‌బోర్డూ, మీటలూ, సీట్లూ. ఇంజను గురించి కావాలనుకునేవాళ్ళు ఇంకెక్కడైనా చూసుకోండి.

డ్రైవింగ్ స్కూల్లో 21 రోజులు నేర్చుకున్నాను. క్లచ్, బ్రేక్, గేర్, ఎనిమిది అంకె, రివర్స్. లైసెన్స్ వచ్చింది. ఆ 21 రోజుల్లో స్టీరింగ్ వెనక వెలిగే బొమ్మల గురించి ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. నేను అడిగితే ఆ కుర్రాడు "అవన్నీ ఆటోమేటిక్ సార్, మీరు రోడ్డు చూడండి" అన్నాడు. మా సబ్‌స్టేషన్లో కొత్తగా చేరినవాడికి ఇలా చెప్తే మర్నాడు ఇద్దరికీ మెమో వచ్చేది.

ఈ బండి కంటే ముందు గుంటూరులో ఒక సెకండ్ హ్యాండ్ డీలర్ దగ్గర ఇంకో బండి చూశాను. ధర 30 వేలు తక్కువ, రంగు కూడా బావుంది, మా ఆవిడకి తెగ నచ్చింది. నేను ఎక్కి కూర్చుని, స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ దాకా తిప్పి ఆపాను. ఇది డ్యూటీలో అలవాటైన పని. షిఫ్ట్ తీసుకోగానే ప్యానెల్ మీద ల్యాంప్ టెస్ట్ బటన్ నొక్కుతాం. బల్బులన్నీ ఒక్కసారి వెలగాలి. వెలగని బల్బు ఉంటే అది ఆరిపోయినట్టు కాదు, దాని వెనక ఏం జరిగినా మనకి తెలియదన్నట్టు. కారులో కూడా తాళం ఆన్ చేయగానే బొమ్మలు వరసగా వెలిగి, కొన్ని నాలుగైదు సెకన్లలో ఆరిపోతాయి, మిగిలినవి ఇంజను స్టార్టయ్యాక పోతాయి. అదే దాని ల్యాంప్ టెస్ట్. ఆ బండిలో అన్నీ వెలిగాయి, ఎయిర్‌బ్యాగ్ బొమ్మ ఒక్కటి తప్ప. మూడుసార్లు తిప్పి చూశాను. వెలగలేదు.

డీలరు "లైటు వెలగట్లేదంటే ప్రాబ్లం లేనట్టే కదా సార్" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వెలిగి ఆరితే ఎయిర్‌బ్యాగ్ బాగున్నట్టు. వెలిగి అలాగే ఉంటే లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే ఎవరో ఆ లోపం కనపడకుండా బల్బో వైరో పీకి ఉండొచ్చు. ఎక్కడో గుద్దుకుని బ్యాగులు పేలిపోయాక కొత్తవి వేయకుండా స్టీరింగ్ మీద మూత మాత్రం మార్చి అమ్మే పద్ధతి ఒకటుందని ఆ తర్వాత మా మెకానిక్ చెప్పాడు. ఆ బండికి అదే జరిగిందో లేదో తేల్చుకునే ఓపిక లేక దిగిపోయాను. దారంతా మా ఆవిడ మాట్లాడలేదు.

సరే, ఇప్పుడు ఇంట్లో ఉన్న బండి.

మొదటి వారం రోడ్డెక్కలేదు. ఇంటి ముందు వేపచెట్టు కింద పెట్టి, రోజూ పొద్దున కాఫీ తర్వాత గంటసేపు అందులో కూర్చుని, గ్లవ్‌బాక్సులో ఉన్న పుస్తకం చదివాను. దాని పాలిథిన్ కవరు కూడా విప్పకుండా అమ్మాడు మొదటి ఓనరు. పుస్తకమంతా ఇంగ్లీషే, సగం పేజీల్లో హెచ్చరికలే. అయినా చదవదగిందే. పక్కింటాయన రెండో రోజు గోడ మీంచి చూసి "బండి స్టార్టవట్లేదా?" అని అడిగాడు.

రంగుల దగ్గర నాకు ఒక చిక్కు వచ్చింది. చదివేవాళ్ళకి నవ్వొస్తుందేమో గానీ చెప్తాను. మా ప్యానెల్ మీద ఎర్ర లైటు వెలుగుతుంటే బ్రేకర్ (లైనుని కలిపే, తెంచే పెద్ద స్విచ్చి) ఆన్‌లో ఉంది, ఫీడర్ (ఊళ్ళకి కరెంటు పోయే లైను) నడుస్తోందని అర్థం. పచ్చ వెలిగితే బ్రేకర్ పడిపోయి ఉందని. 31 ఏళ్ళు ఎర్ర లైటు చూసి నిశ్చింతగా కూర్చున్నవాణ్ణి. కారులో అంతా తిరగేశారు. ఎరుపంటే ఆపు. పసుపంటే నడుపు గానీ తొందరగా చూపించు. పచ్చ, నీలం అంటే ఏదో ఆన్‌లో ఉందని తెలియజేయడం మాత్రమే. దీన్ని నేను మా భాషలోకి మార్చుకున్నాను. మా అలారం ప్యానెల్లో ట్రిప్ అయితే, అంటే బ్రేకర్ దానంతటదే పడిపోతే, హూటర్ మోగుతుంది, ట్రిప్ కాకుండా హెచ్చరిక మాత్రమే అయితే బెల్లు మోగుతుంది. కాబట్టి ఎరుపు హూటర్, పసుపు బెల్లు. అప్పట్నుంచి తడబాటు లేదు.

బొమ్మలకి కూడా తెలుగు పేర్లు పెట్టి, పాత లాగ్‌బుక్కు నుంచి చించిన కాగితం మీద గీసి, సన్‌షేడ్‌కి రబ్బరు బ్యాండుతో కట్టాను. కొమ్ముచెంబు అంటే ఇంజన్ ఆయిల్ ప్రెషర్. ఎర్రగా వెలిగితే పక్కకి తీసి ఇంజను అప్పటికప్పుడే ఆపేయాలి, మెకానిక్ షెడ్డు కనపడుతున్నా అక్కడిదాకా కూడా తీసుకెళ్ళకూడదు. నీళ్ళలో థర్మామీటరు అంటే వేడి. ఇదే బొమ్మ నీలంగా వెలిగితే ఇంజను ఇంకా చల్లగా ఉందని, ఎర్రగా వెలిగితే కాగిపోతోందని. కాగినప్పుడు రేడియేటర్ మూత జోలికి పోకూడదు. బ్యాటరీ బొమ్మ నాకు చెప్పక్కర్లేదు. మాకూ డీసీ బ్యాటరీలుంటాయి. ఆ లైటు వెలిగిందంటే చాలాసార్లు తప్పు బ్యాటరీది కాదు, చార్జ్ చేసేదానిది. ఉన్న చార్జ్ అయిపోయేదాకా బండి నడుస్తుంది, అంతే. పంపుసెట్టు లాంటి బొమ్మ ఇంజన్ చెక్ లైటు. పసుపుగా నిలకడగా ఉంటే ఒకటి రెండు రోజుల్లో చూపించొచ్చు, మినుకు మినుకుమంటే ఇంజను సరిగ్గా మండట్లేదని, అప్పుడు తొక్కకూడదు. ఒళ్ళో గుమ్మడికాయ పెట్టుకున్న మనిషి ఎయిర్‌బ్యాగ్. ఏబీఎస్ అక్షరాలు పసుపుగా వెలిగితే బ్రేకులు మామూలుగా పడతాయి గానీ గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా ఆపే సాయం ఉండదు.

ప్యానెల్‌కి నా మార్కులు పదికి ఆరు. తగ్గించింది ఎందుకంటే, మధ్యాహ్నం రెండింటికి ఎండ వెనక నుంచి పడితే పసుపు లైట్లు ఒక్కటీ కనపడవు. నాది బైఫోకల్ కళ్ళజోడు. పెట్రోలు తక్కువుందన్న లైటు ఎప్పుడు వెలిగిందో తెలియక ఒకసారి పిడుగురాళ్ళ దగ్గర ప్రాణం గిలగిల్లాడింది. ఆ లైటుతో పాటు ఒక్క టింగుమన్న శబ్దం పెట్టడానికి ఎంత ఖర్చవుతుందో నాకు తెలియదు గానీ, పెట్టాల్సింది. పెట్రోలు మీటరు దగ్గర పంపు బొమ్మ పక్కన చిన్న బాణం గుర్తుంటుంది, ట్యాంకు మూత ఏ పక్కనుందో అది చెప్తుంది. బంకులో కుర్రాడు అడిగేదాకా నాకూ తెలియదు.

ఇక ఎర్ర లైటు సంగతి. కొన్న మూడో నెలలో మలుపు తిరిగినప్పుడల్లా బ్రేకు లైటు ఒక్క క్షణం వెలిగి ఆరేది. హ్యాండ్‌బ్రేక్ వేసినప్పుడు వెలిగేదీ అదే లైటు. మొదట హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దించలేదేమో అనుకున్నాను. దించే ఉంది. తారీఖు, చోటు, ఎడమ మలుపా కుడి మలుపా లాగ్ రాసుకున్నాను. ఎనిమిది సార్లలో ఏడు సార్లు ఎడమ మలుపే. ఒక సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే బానెట్ ఎత్తి, "బ్రేక్ ఆయిల్ కొంచెం తగ్గింది సార్, పోసేశాం, లైటు ఆగిపోతుంది" అన్నారు. ఆగిపోయింది కూడా. బిల్లు కట్టాను, బయటికొచ్చాను, నిద్ర పట్టలేదు.

ఆ ఆయిల్ ఎక్కడికి పోయింది? అది తాగేదేమీ లేదు, కాలేదేమీ లేదు, మూసి ఉన్న గొట్టాల్లో ఉండేది. కారిపోవాలి, లేదా ఇంకెక్కడికో చేరాలి. మాకు రిలే (లైన్లో లోపం పట్టే పరికరం) ఫ్లాగ్ పడితే ఎందుకు పడిందో రాయకుండా రీసెట్ చేయడం నేరం. వీళ్ళు చేసింది సరిగ్గా అదే. మర్నాడు మా ఊళ్ళో రోడ్డు పక్కన షెడ్డు పెట్టుకున్న మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. ఆయన బ్రేక్ ఆయిల్ డబ్బా వైపు చూడనే లేదు, ముందు చక్రాలు విప్పాడు. బ్రేక్ ప్యాడ్లు గోరంత మందం మిగిలాయి. ప్యాడ్ అరిగే కొద్దీ దాన్ని నొక్కే పిస్టన్ ఇంకాస్త ముందుకి జరుగుతుందట, ఆ ఖాళీలోకి డబ్బాలోని ఆయిల్ దిగుతుందట. డబ్బాలో మట్టం తగ్గింది, మలుపులో ఆయిల్ ఒక పక్కకి ఊగినప్పుడు లోపలి తేలుడు బిళ్ళ కిందకి దిగి లైటు వెలిగించింది. కొత్త ప్యాడ్లు పెట్టడానికి పిస్టన్ని వెనక్కి నొక్కుతుంటే ఆయన నన్ను పిలిచి "డబ్బా చూడండి సార్" అన్నాడు. మట్టం నెమ్మదిగా పైకొచ్చింది, మ్యాక్స్ గీత దాటింది, మూత అంచు నుంచి పొంగి కారింది. నిన్న వాళ్ళు పోసిందంతా బయటికొచ్చేసింది. వెంటనే బక్కెట్టు నీళ్ళు కుమ్మరించాడు, బ్రేక్ ఆయిల్ పెయింటుని తినేస్తుందట. ఆ దృశ్యం చూడటానికే 1,900 ఇచ్చినా దండగ లేదనిపించింది. ప్యాడ్లతో కలిపి అంతే అయింది.

ఇక మీటల సంగతి.

ఆగస్టులో హైదరాబాదు అమ్మాయి ఇంటికి బయల్దేరాం. నేను, మా ఆవిడ, వెనక మా వదినా వాళ్ళాయనా. దాచేపల్లి దాటాక కుండపోత. రెండు నిమిషాల్లో ముందు అద్దం తెల్లబడిపోయింది. వైపర్లు ఆఖరి స్పీడుకి పెట్టాను, లాభం లేదు. పొగ లోపలి వైపుందని నాకు తట్టలేదు. మా ఆవిడ తువ్వాలుతో తుడుస్తోంది, తుడిచిన చోటు తుడిచినట్టే మళ్ళీ మసక. అద్దాలు దించితే వదిన తడిసిపోయింది. నలుగురం నాలుగు రకాలుగా కంగారు పడుతుంటే వాడపల్లి బ్రిడ్జి ఇవతల టీ కొట్టు దగ్గర ఆపాను. అక్కడ నిలబడ్డ లారీ డ్రైవర్ మా అవస్థ చూసి, "బాబాయ్ గారూ, ఏసీ వేసి గాలి అద్దం మీదకి తిప్పండి, ఆ గుండ్రం బాణం బటన్ తీసేయండి" అన్నాడు. అర నిమిషంలో అద్దం పలకలా తేటపడింది.

ఆ గుండ్రం బాణం అంటే లోపలి గాలినే తిప్పుతూ ఉండే బటన్. ఎండాకాలం ఏసీ తొందరగా చల్లబడటానికి అది మంచిది. వానలో నలుగురి ఊపిరీ, తడిబట్టల తేమా లోపలే తిరిగి అద్దానికి పట్టేస్తాయి. ఏసీ గాలిలో తేమని లాగేస్తుంది, చలిగా ఉన్నా వేయాల్సింది అందుకే. నాకు అప్పటిదాకా ఏసీ అంటే చల్లదనం అనే తెలుసు. వెనక అద్దం గీతల బటన్ వేరే ఉంది, ఆ గీతలు సన్నటి హీటరు తీగలు. పుస్తకంలో ఈ పేజీ కూడా చదివాను నేను, వేపచెట్టు కింద. చదివింది అవసరానికి గుర్తు రాలేదు. ఇప్పుడు వానాకాలం ఏ ప్రయాణానికి ముందైనా ఆ రెండు బటన్లూ ఒకసారి చేత్తో తడిమి చూసుకుంటాను.

ఇంకో మీట ఎవరూ ముట్టుకోనిది, స్టీరింగ్‌కి కుడి పక్క మోకాలి దగ్గర, 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం. సంక్రాంతికి డిక్కీలో రెండు బియ్యం బస్తాలు, వెనక ముగ్గురు. ఎదురొచ్చే ప్రతి లారీ నాకు డిప్పర్ కొడుతోంది, నేను లో బీమ్‌లోనే ఉన్నాను. వెనక బరువుకి బండి తోక దిగి ముక్కు లేచి నా లైట్లు వాళ్ళ కళ్ళలో పడుతున్నాయి. ఆ చక్రం తిప్పితే లైట్ల చూపు కిందకి దిగుతుంది. బస్తాలు దించాక మళ్ళీ సున్నాకి తేవాలి, లేకపోతే నీకే రోడ్డు కనపడదు.

80 దాటగానే టింగుమంటుంది, 120 దాటితే ఆగకుండా మోగుతుంది. మా ఆవిడ మొదటిసారి ఫోను అనుకుని బ్యాగు వెతికింది. ఇది ఈ కంపెనీ గొప్పతనం కాదు. 2019 జూలై 1 నుంచి తయారైన కార్లన్నిటికీ ఈ శబ్దం, రివర్స్ సెన్సర్లు, ముందు రెండు సీట్లకీ బెల్టు హెచ్చరిక, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేశారు. నాది పై వేరియంట్ కాబట్టి ఎయిర్‌బ్యాగులు రెండున్నాయి. నాలుగు ఇండికేటర్లూ కలిపి వెలిగే ఎర్ర త్రిభుజం బటన్ని మావాళ్ళు కూడలిలో నేరుగా వెళ్ళడానికి వాడుతున్నారు. అది ఆగిపోయిన బండికి. నడుస్తూ వేస్తే ఏ పక్కకి తిరుగుతావో వెనకవాడికి తెలిసే దారే లేదు. వెనక డోర్లకి చైల్డ్ లాక్ ఉందని మా తోడల్లుడు లోపల ఇరుక్కున్నాక తెలిసింది.

సీట్ల విషయం ఇంక వదలకుండా చెప్తాను.

డ్రైవర్ సీటు ఎత్తు పెంచుకోవచ్చు, స్టీరింగ్ పైకీ కిందకీ ఆడుతుంది గానీ ముందుకీ వెనక్కీ రాదు. అది నాకు నచ్చలేదు. నేను మొదట్లో కుర్చీ టేబులు దగ్గర కూర్చున్నట్టు స్టీరింగ్‌కి ఆనుకుని కూర్చునేవాణ్ణి. ఎయిర్‌బ్యాగ్ రెప్పపాటులో ఉబ్బుతుంది. ఛాతీకీ స్టీరింగ్ మధ్యకీ కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి. మా మనవరాలి స్కేలు పెట్టి కొలిస్తే నాది 17. సీటు వెనక్కి జరిపాను, క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగి ఉండేలా. చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద ఆనాలి, వీపు సీటుని వదలకూడదు. రెండు రోజులు కొత్తగా అనిపించింది, తర్వాత నడుం నొప్పి కూడా తగ్గింది.

హెడ్‌రెస్ట్ పేరులో రెస్ట్ ఉంది గానీ అది తల వాల్చి పడుకోవడానికి కాదు. వెనక నుంచి గుద్దితే తల వెనక్కి విరగకుండా పట్టేది. దాని పైఅంచు తల పైభాగానికి దాదాపు సమానంగా ఉండాలి. మెడ దగ్గర ఉంటే మేలు చేయకపోగా దాని మీదుగానే మెడ విరుగుతుంది. కొన్నప్పుడు ఈ బండికి వెనక హెడ్‌రెస్టులు లేవు. ఉండాల్సిన చోట రెండేసి చిల్లులు కనపడ్డాయి. మొదటి ఓనరుకి ఫోన్ చేస్తే, అద్దంలో వెనక సరిగ్గా కనపడటం లేదని తీసి అటక మీద పెట్టాడట. బస్సెక్కి వెళ్ళి తెచ్చుకున్నాను. ఆ ఇనప కడ్డీలు అద్దం పగలగొట్టడానికే ఇచ్చారని వాట్సాప్‌లో తిరిగే వీడియో ఆయనా చూపించాడు. కాదు. అవి ఎత్తు సర్దుకోవడానికి.

ముందు ఎడమ సీటు బెల్టు గాట్లో ఒక క్లిప్పు గుచ్చి ఉంది. బెల్టు లేదు, ఉత్త ఇనప నాలుక, పైన ప్లాస్టిక్. హెచ్చరిక మోగకుండా చేసే డమ్మీ క్లిప్పు. మా ఉద్యోగంలో నైట్ షిఫ్ట్‌లో నిద్ర పాడవుతోందని అలారం బెల్లు వైరు పీకిన మహానుభావుణ్ణి చూశాను, అందుకని నాకు ఇది కొత్త కాదు. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఐదు ఆన్‌లైన్ అమ్మకం సంస్థలకి ఈ క్లిప్పుల్ని సైట్ల నుంచి తీసేయమని ఆదేశాలిచ్చింది. మా ఊరి యాక్సెసరీ షాపుల్లో గాజు సీసాలో చాక్లెట్లలా ఇంకా కనపడుతున్నాయి. బెల్టు పెట్టుకోకపోతే ఎయిర్‌బ్యాగ్ కూడా దెబ్బే. మనిషి ముందుకి ఎగిరొస్తుంటే అది ఎదురొచ్చి కొడుతుంది. ఎస్ఆర్ఎస్ అని దాని మీద రాసినదాంట్లో మొదటి ఎస్‌కి అర్థమే బెల్టుకి తోడు అని.

వెనక బెల్టుల కథ వేరు. బెల్టులు వేలాడుతున్నాయి, గుచ్చడానికి గాట్లు లేవు. సీటు కవర్లు కుట్టించినవాడు బకిల్స్‌ని కింద తోసేసి పైన తోలు లాగి బిగించేశాడు. నేను సీటుకీ వీపుకీ మధ్య సందులో మోచేతి దాకా చెయ్యి పెట్టాను. మొదట ఒక రెండు రూపాయల బిళ్ళ. తర్వాత పల్లీ చెక్క కాగితం, ఒక హెయిర్ పిన్ను, ఎండి నల్లబడ్డ ద్రాక్షపండు లాంటిదొకటి. ఆ కిందెక్కడో వేళ్ళకి చల్లగా తగిలింది బకిల్. లాగితే రాదు. కవరు కుట్టు బ్లేడుతో నాలుగంగుళాలు కోస్తే మూడూ బయటికొచ్చాయి. ఎర్రటి బటన్ల మీద ఫ్యాక్టరీ మెరుపు అలాగే ఉంది, ఒక్కసారి కూడా ఎవరూ నొక్కినట్టు లేదు. నాలుగేళ్ళు ఆ ఇంటి పిల్లలు ఆ సీట్లో తిరిగారు.

వెనక కూర్చున్నవాళ్ళకి బెల్టు అక్కర్లేదనేది మనలో గట్టి నమ్మకం. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలో పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయింది ఖరీదైన కారు వెనక సీట్లో, బెల్టు లేకుండా. ఆ వారం టీవీలో చర్చ, తర్వాత మామూలే. నేను మావాళ్ళకి చెప్పే లెక్క వేరు. 11 కేవీ లైనుకి వేసే 9.1 మీటర్ల స్తంభం ఒకటిన్నర మీటరు భూమిలోకి పోతుంది, పైన 7.6 మీటర్లుంటుంది. దాని కొస నుంచి మనిషి పడితే నేల తాకే వేగం గంటకి 44 కిలోమీటర్లు. అంటే మన బజార్లో 44 మీద పోతూ గోడకి గుద్దడమూ, స్తంభం మీంచి కింద పడటమూ ఒకటే. స్తంభం ఎక్కే లైన్‌మన్ని బెల్టు లేకుండా ఎక్కమని ఎవరూ అనరు. బెల్టు నెమ్మదిగా లాగితే వస్తుంది, గుంజితే బిగుసుకుంటుంది. షార్ట్ అయినప్పుడే పడే రిలే లాంటిది అది. మొదటిరోజే వెనక పక్కల రెండిటినీ గుంజి చూశాను, రెండూ బిగిశాయి.

మా ఆవిడ అభ్యంతరం చీర. కుచ్చిళ్ళు నలుగుతాయి, పైపట్టీ మెడకి ఒరుసుకుంటుంది, అందుకని చంక కింద నుంచి తీసుకునేది. అలా పెట్టుకుంటే దెబ్బ పక్కటెముకల మీద పడుతుంది. డోర్ పక్క స్తంభం మీద బెల్టు ఎత్తు దించే మీట ఉంది, రెండు మెట్లు దించితే పట్టీ భుజం మధ్యకి వచ్చింది. కింది పట్టీ పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీదకి జరపాలి. కుచ్చిళ్ళు నలగడం మాత్రం ఆగలేదు, ఆ విషయంలో ఈ బండికి మార్కులు లేవన్నది ఆవిడ తీర్పు.

దసరాకి మనవరాలు వచ్చింది. నాలుగేళ్ళు, 16 కిలోలు. అమ్మమ్మ ఒళ్ళో, ముందు సీట్లో కూర్చుంటానంది, అమ్మమ్మా సరేనంది. "మన పిల్లలు ఎలా పెరిగారండీ, నేను పట్టుకోనూ?" అంది. అల్లుడు ఫోనులో లెక్క చేసి చూపించాడు: 50 మీద పోతూ గుద్దితే, ముందు భాగం అరమీటరు నలిగిందనుకుంటే, పాప బరువు ఇరవై రెట్లవుతుంది. "320 కిలోలు అత్తయ్యా, మూడు క్వింటాళ్ళ పైన." మా ఆవిడ ధాన్యం ఇంట పుట్టిన మనిషి, క్వింటాలంటే తెలుసు. ఇంకేం మాట్లాడకుండా వెనక్కి వెళ్ళి కూర్చుంది. 2019 సెప్టెంబరు నుంచి చట్టం కూడా అదే చెప్తోంది, 14 ఏళ్ళ లోపు పిల్లలకి బెల్టో చైల్డ్ సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా.

చైల్డ్ సీటు అల్లుడు తెచ్చాడు. దాన్ని బిగించడానికి సీటు సందులో ఐసోఫిక్స్ అని రెండు ఇనప కొక్కేలుంటాయి. అవీ కవరు కిందే ఉన్నాయి, మళ్ళీ బ్లేడు. సీటు కాళ్ళు రెండూ వాటిలోకి తోస్తే టక్కుమని శబ్దం, పక్కన చిన్న కిటికీలో ఎరుపు పోయి పచ్చ వచ్చింది. పచ్చ చూడగానే నా చెయ్యి అలవాటుగా ఆగిపోయింది, బ్రేకర్ పడిపోయిందేమోనని. అల్లుడు నవ్వాడు. పైనుంచి వచ్చే పట్టీని వెనక్కి తీసుకెళ్ళి డిక్కీ వైపు కొక్కేనికి తగిలిస్తేనే సీటు ముందుకి తూలదు. చాలామంది ఆ పట్టీ ఊరికే వేలాడదీస్తారట. పసిపిల్లల్ని వెనక్కి తిప్పి కూర్చోబెట్టే సీటైతే ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో పెట్టనే కూడదని సన్‌షేడ్ మీద బొమ్మ ఉంది. నా కాగితం కట్టింది సరిగ్గా దాని మీదే. తీసి పక్కకి కట్టాను.

ఈ బండి మీద నా పెద్ద ఫిర్యాదు వెనక మధ్య సీటు. అక్కడ భుజం మీదుగా వచ్చే బెల్టు లేదు, నడుం పట్టీ ఒక్కటే, హెడ్‌రెస్ట్ చిల్లులు కూడా లేవు. కాగితం మీద అయిదుగురి బండి, నా లెక్కలో నలుగురిది. మొన్న నరసరావుపేట పెళ్ళికి మా బావ ఆ మధ్యలో సర్దుకుంటానన్నాడు. కుదరదన్నాను. "నీ డిపార్ట్‌మెంట్ బుద్ధి పోనిచ్చావు కాదు" అని ఆటోలో వచ్చాడు. 180 రూపాయలు నేనే ఇచ్చాను.